ఫ్రోజెన్ కూరగాయలా, డబ్బా కూరగాయలా: పోషకాలు దేనిలో ఎంత మిగులుతాయి?

రాత్రిపాళీ:
అందరికీ నమస్కారం. నేను రాత్రిపూట పనిచేసే ఉద్యోగంలో ఉన్నాను. కూరగాయలు కొని, కడిగి, తరిగి వండుకునే తీరిక వారంలో ఒకటి రెండు రోజులకు మించి దొరకదు కాబట్టి మా ఫ్రీజర్‌లో బఠాణీలు, బ్రకోలీ, పాలకూర, అలమారాలో బఠాణీల డబ్బాలు, టమాటా డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి. అమ్మకు రక్తపోటు ఉంది. ఉప్పు తగ్గించమనీ కూరగాయలు పెంచమనీ వైద్యులు చెప్పారు. నిన్న బఠాణీల డబ్బా తెరిచి జల్లెడలో వంపినప్పుడు కింది గిన్నెలోకి దిగిన నీళ్లు పలుచని గంజిలా, కాస్త పచ్చగా ఉన్నాయి. నేను పారబోస్తున్నది ఉప్పునా, సత్తువనా అనే అనుమానం అప్పుడే మొదలైంది. బంధువుల్లో ఒకరు డబ్బా కూరగాయల్లో పీచు తప్ప ఏమీ మిగలదంటారు. ఇంకొకరు రెండూ ఒకటేనంటారు. రుచి సంగతి పక్కనపెట్టి, పోషకాల విషయంలో ఈ రెండింటికీ నిజంగా తేడా ఎంత ఉందో తెలిసినవారు వివరించగలరా?

పెరటితోట:
నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తాజావి మొదటి స్థానం, ఫ్రోజెన్ రెండో స్థానం, డబ్బావి చివరి స్థానం. డబ్బాలో పెట్టేటప్పుడు కూరగాయను అంత వేడి చేస్తారు కదా, ఇక విటమిన్లు ఎలా మిగులుతాయి? చలి కాపాడుతుంది, వేడి పాడు చేస్తుంది. నేను మొక్కలు పెంచుతాను కాబట్టి అప్పుడే కోసిన కూరగాయకూ డబ్బాలోంచి తీసినదానికీ తేడా నోటికే తెలిసిపోతుంది.

ఆహారశాస్త్రం:
పెరటితోట గారి వరుస చాలామంది మనసులో ఉన్నదే. అందులో కొంత నిజమూ ఉంది. అయితే రెండు చోట్ల దాన్ని సవరించాలి. నేను ఆహార సంరక్షణ పాఠాలు చెబుతాను కాబట్టి ఈ రెండు పద్ధతుల్లోనూ కూరగాయకు ఏమవుతుందో ముందు వివరిస్తాను.

ఫ్రోజెన్ కూరగాయ వేడి తగలకుండా నేరుగా చలిలోకి వెళుతుందనుకోవడం పొరపాటు. ఉల్లి, మిరప వంటి కొన్నింటిని మినహాయిస్తే దాదాపు అన్నింటినీ గడ్డకట్టించే ముందు మరిగే నీటిలోనో ఆవిరిలోనో ఒకటి నుంచి అయిదు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లారుస్తారు. దీన్ని బ్లాంచింగ్ అంటారు. ఇలా చేయకపోతే కూరగాయలోని ఎంజైములు మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా పూర్తిగా ఆగవు. నెలలు గడిచేకొద్దీ రంగు, వాసన, విటమిన్లు తరిగిపోతాయి. అంటే రాబోయే నష్టాన్ని ఆపడం కోసం ముందే కొంత నష్టాన్ని ఒప్పుకుంటున్నాం. నీటిలో కరిగే విటమిన్ సి, ఫోలేట్ అనే బి విటమిన్, కొన్ని ఖనిజాలు ఈ దశలోనే కొంత నీటిపాలవుతాయి. ఆవిరిలో బ్లాంచింగ్ చేస్తే ఈ నష్టం తగ్గుతుంది.

డబ్బా కథ వేరు. కూరగాయనూ ఉప్పునీటినీ డబ్బాలో నింపి, లోపలి గాలిని తీసి, మూత బిగించి, ఆ తర్వాత డబ్బాతో సహా ఒత్తిడి ఆవిరిలో వేడి చేస్తారు. బఠాణీలు, బీన్స్, మొక్కజొన్న లాంటివాటిలో పులుపు తక్కువ. పులుపును కొలిచే పీహెచ్ (ఇది పెరిగేకొద్దీ పులుపు తక్కువని అర్థం) వాటిలో 4.6 కన్నా ఎక్కువగా ఉంటుంది కాబట్టి క్లాస్ట్రీడియం బొటులైనమ్ అనే సూక్ష్మజీవి బీజాలు బతికి విషం తయారుచేసే ప్రమాదం ఉంది. వాటిని చంపడానికి మామూలు మరుగు చాలదు. డబ్బా నడిమధ్య భాగానికి కూడా సుమారు 121 డిగ్రీల వేడికి సమానమైన దెబ్బ తగలాలి. వేడిని ఓర్చుకోలేని విటమిన్ సి, విటమిన్ బి1 అక్కడే బాగా దెబ్బతింటాయి. కానీ ఆ తర్వాత లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి మిగిలినది నెలల తరబడి పెద్దగా తగ్గదు. మొదట్లో పెద్ద నష్టం, తర్వాత నిలకడ.

తాజావాటి మాట కూడా చెప్పాలి. కోసిన గంటలోనే వండుకునేవారికి పెరటితోట గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ కోసిన తర్వాత కూడా కూరగాయ శ్వాసిస్తూనే ఉంటుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర వారం రోజులుంచితే గింజ బఠాణీల్లో విటమిన్ సి సుమారు 15 శాతమే తగ్గినా, ఫ్రెంచ్ బీన్స్‌లో 70 శాతానికి పైగా తగ్గిన కొలతలు ఉన్నాయి. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో వెలువరించిన సమీక్షలో తాజా, ఫ్రోజెన్, డబ్బా మూడింటి కొలతలనూ పక్కపక్కనే పెట్టి చూశారు. వారు గట్టిగా చెప్పిన విషయం ఏమిటంటే, కోసిన నాటి తాజాదనంతో పోల్చడం కాదు, తినే నాటికి మిగిలిన దానితో పోల్చాలి.

లెక్కలపుస్తకం:
పైన చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల్లో బఠాణీల వరుసలు ఎంతో స్పష్టంగా ఉంటాయి. అన్నీ 100 గ్రాములకు, సుమారు విలువలు. పచ్చి బఠాణీల్లో విటమిన్ సి 40 మిల్లీగ్రాములు. వండని ఫ్రోజెన్ బఠాణీల్లో 18. ఇక్కడివరకు చూస్తే ఫ్రోజెన్‌వి డబ్బావాటికి రెట్టింపు మేలనిపిస్తుంది, ఎందుకంటే నీరు వంపేసిన డబ్బా బఠాణీల్లో ఉన్నది 10కి కాస్త తక్కువ. కానీ ఫ్రోజెన్ బఠాణీలను అలాగే తినం కదా. వాటిని నీళ్లలో ఉడికించి వార్చాక మిగిలేది కూడా 10 మిల్లీగ్రాములే. తాజా బఠాణీలను అలాగే ఉడికించి వార్చితే 14.

ఈ వరుస మొదటిసారి చూసినప్పుడు ఎక్కడో తప్పు పడిందనుకుని మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాను. తప్పేమీ లేదు. డబ్బా బఠాణీ కర్మాగారంలోనే ఉడికిపోయి వచ్చింది, ఫ్రోజెన్ బఠాణీని మనం ఉడికిస్తున్నాం, అంతే తేడా. పొట్లం మీది అంకెను డబ్బా మీది అంకెతో పోల్చేవారు ఉడకనిదాన్ని ఉడికినదానితో పోలుస్తున్నారు.

అయితే దీన్నిబట్టి రెండూ ఒకటేననడం కూడా తొందరపాటే అవుతుంది. అవే బఠాణీల్లో విటమిన్ బి1 చూడండి. ఉడికించిన ఫ్రోజెన్ వాటిలో 0.28 మిల్లీగ్రాములు ఉంటే డబ్బావాటిలో 0.12 మాత్రమే. ఫోలేట్ ఫ్రోజెన్‌లో 59 మైక్రోగ్రాములు, డబ్బాలో 44. విటమిన్ సి దగ్గర చెరిగిపోయిన తేడా బి1 దగ్గర మళ్లీ తేలుతోంది. పీచు, ప్రొటీన్ మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే. అందుకని డబ్బాలో పీచు తప్ప ఏమీ మిగలదన్న మాటా సరికాదు, తేడాయే లేదన్న మాటా సరికాదు.

పెరటితోట:
ఉడకనిదాన్ని ఉడికినదానితో పోలుస్తున్నామన్న మాట నేను ఇంతవరకు ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ అదే లెక్క ప్రకారం, ఫ్రోజెన్‌వాటిని నీళ్లలో ఉడికించి వార్చకుండా వేరే విధంగా వండితే వాటి ఆధిక్యం మిగలాలి కదా? నష్టమంతా వార్చిన నీళ్లలోనే ఉన్నట్టుంది.

ఆహారశాస్త్రం:
సరిగ్గా అదే. 18 నుంచి 10కి తగ్గినదానిలో చాలా భాగం వేడికి నశించినది కాదు, నీటిలోకి దిగినది. ఆవిరి మీద ఉడికించినా, నాలుగు చెంచాల నీళ్లతో మూతపెట్టి మైక్రోవేవ్‌లో వేడిచేసినా, ఆ నీటిని కూరలోనే ఇంకనిచ్చినా చాలావరకు నిలుస్తుంది. బ్లాంచింగ్ వల్ల అవి ఇప్పటికే సగం ఉడికి ఉంటాయి కాబట్టి తాజావాటికి పట్టే సమయంలో సగం చాలు.

ఇంకో జాగ్రత్త ఉంది. వీటిని ముందుగా బయటపెట్టి కరిగించవద్దు. గడ్డకట్టేటప్పుడు కణాల్లోని నీరు మంచు స్ఫటికాలుగా మారుతుంది. చల్లబడటం నెమ్మదిగా జరిగితే స్ఫటికాలు పెద్దవై కణాల గోడలను చీల్చుతాయి. పరిశ్రమలో మైనస్ 30, 40 డిగ్రీల గాలిని కింది నుంచి బలంగా వదిలి, బఠాణీలు గాలిలో తేలుతుండగానే నిమిషాల్లో గడ్డకట్టిస్తారు కాబట్టి స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి. అందుకే మంచి పొట్లాన్ని ఊపితే గింజలు పూసల్లా గలగలమంటాయి. పొట్లమంతా ఒకే గడ్డగా ఉంటే అది దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. రెండోసారి గడ్డకట్టింది ఇంటి ఫ్రీజర్ వేగంతో, లేదా గోదాము ఫ్రీజర్ వేగంతో. అటువంటివి కరిగినప్పుడు కారే నీటితోపాటు నీటిలో కరిగే విటమిన్లు కూడా కారిపోతాయి. పొట్లాన్ని వేళ్లతో నొక్కిచూసి కొనడం మంచి అలవాటు.

గరిటె:
నేను వందమందికి పైగా వండే వంటశాలలో పనిచేస్తాను. రెండు రకాలూ రోజూ చేతిలో పడుతుంటాయి. శాస్త్రం చెప్పేవారు చెప్పారు కాబట్టి పొయ్యి దగ్గర నాకు కనిపించేది చెబుతాను. డబ్బా కూరగాయ పూర్తిగా ఉడికినదన్న సంగతి చాలామంది వంటవారికే గుర్తుండదు. తెరిచి, వంపి, మళ్లీ పది నిమిషాలు మరిగిస్తారు. అది ఉడికినదాన్ని మళ్లీ ఉడికించడమే. మిగిలిన కాస్త విటమిన్ సి కూడా అక్కడ పోతుంది, గింజ పగిలి పిండి అవుతుంది. నేను కూర మొత్తం తయారై పొయ్యి ఆపేముందు డబ్బా బఠాణీలు వేసి, అవి వేడెక్కగానే దించుతాను.

రంగు గురించి కూడా ఒక మాట. డబ్బా బీన్స్ పచ్చదనం పోయి ఎండుటాకు ఛాయకు వస్తాయి. కొత్తగా చేరిన సహాయకులు దాన్ని చూసి పాడయ్యాయనుకుని పక్కన పెట్టడం నేను చూశాను. ఎక్కువ వేడికి పత్రహరితంలోని మెగ్నీషియం విడిపోవడం వల్ల ఆ రంగు వస్తుందని మాకు శిక్షణలో చెప్పారు. రంగు పోయినంత మాత్రాన పోషకాలన్నీ పోయినట్టు కాదు.

పథ్యం:
ప్రశ్న అడిగినవారి అమ్మగారికి రక్తపోటు ఉందన్నారు కాబట్టి విటమిన్ల కన్నా ముందు సోడియం గురించి మాట్లాడుకోవాలి. నేను ఆహార నియమాలు సూచించే వృత్తిలో ఉన్నాను. ఈ రెండింటి మధ్య ఎంపిక చేసేటప్పుడు రోగి ఆరోగ్యం మీద ఎక్కువ ప్రభావం చూపేది ఇదేనని నా నమ్మకం. పెద్దలు రోజుకు 2,000 మిల్లీగ్రాములకు తక్కువ సోడియం, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పచ్చి బఠాణీల్లో సోడియం 100 గ్రాములకు 5 మిల్లీగ్రాములే. ఉప్పునీటిలో నిలవచేసిన డబ్బావాటిలో, నీరు వంపేశాక కూడా 200 దాటుతుంది.

రాత్రిపాళీ గారు ఉప్పు పారబోస్తున్నారా, సత్తువ పారబోస్తున్నారా అని అడిగారు. రెండూ పారబోస్తున్నారు. ఆ ద్రవంలో ఉప్పూ ఉంది, గింజలోంచి దిగిన విటమిన్ సి, బి విటమిన్లు, పొటాషియం కూడా ఉన్నాయి. మామూలు ఆరోగ్యం ఉన్నవారు ఆ ద్రవాన్ని సూప్‌లో వాడుకుని, విడిగా ఉప్పు వేయకుండా సరిపెట్టుకోవచ్చు. అమ్మగారి విషయంలో మాత్రం వంపేయండి. వంపాక కుళాయి కింద ఒకసారి కడగండి. డబ్బా చిక్కుడుగింజలను వంపి కడిగితే సోడియం సుమారు 40 శాతం తగ్గినట్టు కొలతలున్నాయి. కడిగినప్పుడు కొన్ని విటమిన్లు పోతాయన్నది నిజమే, కానీ రక్తపోటు ఉన్నవారికి ఆ బేరం లాభసాటిదే.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఫ్రోజెన్ బఠాణీల్లో ఉప్పే ఉండదనుకుంటారు. పట్టికలో చూస్తే వండనివాటిలో 100 మిల్లీగ్రాములకు పైగా సోడియం కనబడుతుంది. లేత గింజలను ముదురు గింజల నుంచి వేరుచేయడానికి కర్మాగారాల్లో ఉప్పునీటి తొట్టెలు వాడతారు. లేతవి తేలుతాయి, పిండిపదార్థం పేరుకున్న ముదురువి మునుగుతాయి. ఆ తొట్టెలోని ఉప్పు కాస్త గింజను అంటుకునే వస్తుంది. ఇక ఉప్పు కలపని డబ్బా బఠాణీల్లో సోడియం 2 మిల్లీగ్రాములే! అంటే ఉప్పు విషయంలో ఫ్రోజెన్ మంచిది, డబ్బా చెడ్డది అని ఒక్క మాటలో తేల్చలేం. ఉప్పు కలపని డబ్బా దొరికితే అది రెండింటికన్నా మేలు. అలాగే సాస్, వెన్న కలిపిన ఫ్రోజెన్ కూరగాయల్లో ఉప్పు డబ్బావాటికి తీసిపోకపోవచ్చు. పదార్థాల జాబితాలో కూరగాయ పేరు తప్ప ఇంకేమీ లేనిదాన్నే ఎంచుకోండి.

రాత్రిపాళీ:
పథ్యం గారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఇన్నాళ్లూ కడగకుండానే వాడాను. టమాటా డబ్బాలకూ ఇదే వర్తిస్తుందా? వాటిని కడగడం కుదరదు కదా.

లెక్కలపుస్తకం:
టమాటా సంగతి పూర్తిగా వేరు. ఇక్కడ డబ్బా గెలుస్తుందని చెప్పడానికి నాకు సంకోచం లేదు. టమాటాకు సహజంగా పులుపు ఉంటుంది కాబట్టి బఠాణీలకు అవసరమైనంత ఘాటు వేడి దీనికి అక్కర్లేదు. మరిగే నీటి వేడి దగ్గరే పని జరుగుతుంది. పైగా టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ వేడికి విటమిన్ సి లాగా నశించదు. వేడి కణాల గోడలను సడలించి, లైకోపీన్‌ను మన పేగులు పీల్చుకోగల రూపంలోకి తెస్తుంది. తాజా టమాటా కన్నా టమాటా పేస్ట్ నుంచి లైకోపీన్ రక్తంలోకి ఎక్కువగా చేరుతుందని 1997లో జర్మనీ పరిశోధకులు చూపించారు. కొంచెం నూనెతో తింటేనే ఈ ప్రయోజనం, ఎందుకంటే అది కొవ్వులో కరిగే పదార్థం. ముక్కలు గట్టిగా ఉండటానికి కొన్ని డబ్బాల్లో కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, దానివల్ల కాల్షియం కూడా కాస్త పెరుగుతుంది. ఉప్పు కలపని డబ్బా ఎంచుకుంటే కడగాల్సిన అవసరమే రాదు.

క్యారెట్, గుమ్మడిలో ఉండే, మన శరీరం విటమిన్ ఎగా మార్చుకునే బీటా కెరోటిన్‌దీ దాదాపు ఇదే తీరు. డబ్బా గుమ్మడి గుజ్జులో విటమిన్ ఎ పచ్చి గుమ్మడిలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి వేడి చేస్తే విటమిన్ పుట్టుకొస్తుందనుకోకండి. నీరు తగ్గి గుజ్జు చిక్కబడటం అందుకు ఒక కారణం.

ఆహారశాస్త్రం:
కెరోటిన్ గురించి చెప్పినది సరైనదే. దానికి ఎదురు ఉదాహరణగా బ్రకోలీని చూడండి. బ్రకోలీని నమిలినప్పుడో తరిగినప్పుడో మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి సల్ఫొరఫేన్ అనే మేలుచేసే పదార్థాన్ని తయారుచేస్తుంది. బ్లాంచింగ్ ఆ ఎంజైమును చంపేస్తుంది కాబట్టి ఫ్రోజెన్ బ్రకోలీలో ముడిసరుకు ఉన్నా సల్ఫొరఫేన్ సరిగా తయారుకాదు. ఆవగింజల్లోనూ అదే రకం ఎంజైము ఉంటుంది. వండిన ఫ్రోజెన్ బ్రకోలీ కాస్త చల్లారాక పైన చిటికెడు ఆవపొడి చల్లితే ఆ లోటు చాలావరకు తీరుతుంది. విటమిన్ల పట్టికల్లో ఎక్కడా కనబడని తేడా ఇది.

కొత్త సభ్యుడు:
డబ్బా లోపలి పూతలో బీపీఏ (బిస్ఫినాల్ ఎ) అనే రసాయనం ఉంటుందని విన్నాను. పోషకాల లెక్క కన్నా అదే ముఖ్యం కాదా?

నిర్వాహకులు:
ముఖ్యమైన ప్రశ్నే. ఆహారాన్ని తాకే వస్తువుల్లో బీపీఏను నిషేధిస్తూ ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో నిబంధన ఆమోదించింది. దాని అమలుకు గడువులూ ఇచ్చింది. ఆ విషయానికి విడిగా చర్చ తెరవండి, ఇక్కడ పోషకాల గురించే కొనసాగిద్దాం.

పెరటితోట:
నిలవ కాలం గురించి ఎవరూ ఇంకా చెప్పలేదు. నా తోటలో పండినవాటిని నేనే ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను. ఏడాది తర్వాత కూడా వాటిలో అంతే ఉంటుందా?

ఆహారశాస్త్రం:
ఉండదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా విటమిన్ సి నెమ్మదిగా తగ్గుతూనే ఉంటుంది. ఫ్రీజర్ తలుపు పదేపదే తెరిచినా, కరెంటు పోయి వచ్చినా ఇంకా వేగంగా తగ్గుతుంది. బ్లాంచింగ్ నుంచి నెలల నిలవ దాకా కలుపుకుంటే ఫ్రోజెన్ కూరగాయల్లో విటమిన్ సి నష్టం సగటున సగం దాకా ఉంటుందనీ, కూరగాయనుబట్టి 10 శాతం నుంచి 80 శాతం వరకు మారుతుందనీ నేను పైన చెప్పిన సమీక్ష తేల్చింది. డబ్బాలో అయితే ఆరంభ నష్టం పోను, నిలవలో తగ్గేది సాధారణంగా 15 శాతం లోపే. ఫ్రీజర్ అడుగున ఏడాదిన్నరగా పడి ఉన్న పొట్లాన్ని, నిరుడు తయారైన డబ్బాను పక్కపక్కన పెడితే విటమిన్ సి విషయంలో మన అంచనా తలకిందులు కావచ్చు. మీరు బ్లాంచింగ్ చేయకుండా పెడుతున్నట్లయితే మాత్రం ఆరు నెలలు కూడా ఆగకుండా ముందే వాడేయండి.

పెరటితోట:
నేను ఇంతకాలం కడిగి, ఆరబెట్టి, అలాగే పెట్టాను. బీన్స్ మూడో నెలకే గడ్డివాసన వేస్తుంటే ఫ్రీజర్‌నే తప్పుబట్టాను. ఈసారి రెండు నిమిషాలు ఆవిరి పట్టి పెడతాను.

రాత్రిపాళీ:
ఇవన్నీ చదివాక ఈరోజు ఇంట్లో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టి చూశాను. టమాటా డబ్బాలు రెండూ ఉప్పు కలపనివే. బఠాణీల డబ్బాలు మూడింటిలోనూ ఉప్పునీరే ఉంది, వాటిని కడిగి వాడి, ఇకపై ఫ్రోజెన్ బఠాణీలే తెస్తాను. ఒక ఫ్రోజెన్ పాలకూర పొట్లం ఇటుకలా గట్టిగా ఉంది, అది కరిగి గడ్డకట్టిందో, మొదటినుంచే అలా అచ్చు పోశారో తెలియలేదు. ఒక అనుమానం మిగిలింది. డబ్బా మీద 100 గ్రాములకు సోడియం ఇంత అని రాశారు. అది నీటితో కలిపా, వంపేశాకా?

పథ్యం:
తరిగిన పాలకూరను అచ్చుల్లోనే గడ్డకట్టిస్తారు కాబట్టి ఇటుకలా ఉండటం దానికి సహజం, కంగారు పడకండి. గలగలల పరీక్ష గింజలకూ ముక్కలకూ మాత్రమే. సోడియం విషయంలో డబ్బా మీద బరువు ఎలా రాశారో చూడండి. నికర బరువు, నీరు వంపిన బరువు అని రెండు ఉంటే, పోషకాల పట్టిక పైన అది ఏ బరువుకు లెక్కించారో ఒక చిన్న వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యం లేకపోతే నీటితో కలిపిన లెక్కగానే భావించి, కడిగి వాడండి, కూరలో ఉప్పు మాత్రం అమ్మగారు రుచి చూశాకే వేయండి.